ఒక కన్ను మూసి కుంకుమ చూడు, అమ్మలూ

అమ్మలూ,

ఫోన్‌లో చెబితే టెన్షన్‌లో సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. ఎడమ కన్ను మసకబారింది, తిప్పితే నొప్పి అన్నావు. ముందు ఒక్కో కన్నూ మూసి కుంకుమ భరిణె చూడు. పద్నాలుగేళ్ల కిందట నాకు ఒక కంటికి కుంకుమ ఎర్రగా, రెండో కంటికి వెలిసిపోయిన ఇటుకపొడిలా కనిపించింది. అంతకుముందు మూడు వారాలు ఎక్కిళ్లు, వాంతులు. గ్యాస్ అని మాత్రలిచ్చారు. అదీ ఈ జబ్బు లక్షణమేనని ఎవరూ చెప్పలేదు.

నాకొచ్చిన, నీకూ ఉందేమోనని నేను భయపడుతున్న ఈ జబ్బు పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా. రోగాలతో పోరాడాల్సిన మన రక్తంలోని యాంటీబాడీలే కంటి నరం మీద, వెన్నుపాము మీద పడతాయి. 2004లో ఆ యాంటీబాడీని కనిపెట్టేదాకా దీన్ని ఎంఎస్‌లో (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే మరో నరాల జబ్బులో) ఒక రకం అనుకున్నవాళ్లే ఎక్కువ. ఎంఎస్‌కి వాడే మందులు కొన్ని దీన్ని ముదరబెడతాయి. అందుకే పేరు తేలడం ముఖ్యం. మెదడుకీ వెన్నుకీ ఎమ్మారై తీస్తారు. వెన్నుపాములో మచ్చ మూడు పూసలు, అంతకు మించి సాగితే డాక్టర్లకి అనుమానం వస్తుంది. ఆక్వాపోరిన్-4, మోగ్ (MOG) అనే రెండు యాంటీబాడీల రక్తపరీక్ష సెల్ బేస్డ్ (కణాల మీద చేసే) పద్ధతిలో చేసే ల్యాబ్‌కే పంపమని అడుగు.

రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆపుకోకూడదు. ఎటాక్ అనిపిస్తే రోజుకి 1 గ్రాము మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. చూపు తేరుకోకపోతే ప్లాస్మా మార్పిడి, అంటే ఆ యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసి వేరేది ఎక్కించడం. మెడ దగ్గర గొట్టం పెడతారంటే భయపడి వాయిదా వేయకు, తొందరగా చేస్తేనే ఫలితం. యాంటీబాడీ పరీక్షకి రక్తం మాత్రం ఈ మార్పిడికి ముందే తీయించాలి.

ఆ తర్వాతదే అసలు కష్టం, తల్లీ. ఎటాక్ మళ్లీ రాకుండా అజథయాప్రిన్, మైకోఫెనొలేట్, రిటుక్సిమాబ్‌లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఏళ్ల తరబడి వాడాలి. రిటుక్సిమాబ్‌కి ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు చేస్తారు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేశాను కదా, ఇంక నాకేం అని నేను మాత్రలు మానేశాను. నాలుగు నెలలకి కాళ్లు పడిపోయాయి, ఒంటేలు బిగుసుకుంది. మళ్లీ నడిచాను గానీ, ఇప్పటికీ బీచ్‌లో ఇసుక వేడి నా ఎడమ అరికాలికి తెలియదు. ఆ తప్పు నువ్వు చేయకు.

ఈ రాత్రి కాళ్లు తిమ్మిరెక్కినా, ఒంటేలు రాకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, క్యాజువాలిటీకి వచ్చేయ్. లేదంటే పొద్దున ఎనిమిదికి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీ దగ్గర ఉంటాను. పాత చీటీలన్నీ, ఆధార్ తెచ్చుకో. ఏమైనా తిని బయల్దేరు.

మీ పెద్దమ్మ