పోటు వచ్చేదాకా ఒడ్డునే కూర్చో

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. మొన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. దసరాకి కాకినాడ వెళ్ళి కార్తీకం అయ్యేదాకా మన పాతింట్లోనే ఉంటావట, పగలు ఆఫీసు పనీ, పొద్దునా సాయంత్రం పిట్టలు చూడ్డమూనట. "అంతా నీ పోలికే" అని దెప్పాడు కూడా. ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మోకాళ్ళు సహకరిస్తే నేనే బయల్దేరేదాన్ని. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు బొమ్మ పంపిస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

బైనాక్యులర్స్ 8×42 చాలు. పదో పన్నెండో రెట్లవి కొంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. టోపీ, నీళ్ళు, నోటు పుస్తకం. బీచ్‌లో కుక్కలుంటాయి, ఒక్కదానివే వెళ్ళకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

పెరట్లో పిట్టల కోసం చెట్ల మధ్యకి వెళ్ళకు. వంటింటి కిటికీ దగ్గర ఎత్తు స్టూలు వేసుకుని కూర్చో. ముప్పై ఏళ్ళలో నేను చూసిన వాటిలో సగం పప్పు ఉడుకుతుండగా చూసినవే. బావి పక్కన మట్టి మూకుట్లో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పెట్టు. రోజూ మార్చు, లేకపోతే పిట్టల కంటే ముందు దోమలొస్తాయి.

నూరువరహాల చెట్టు మీద తేనెపిట్టలు తిరుగుతుంటాయి. ఎండాకాలంలో నల్లగా, నీలంగా నిగనిగలాడిన మగ పిట్ట ఈ రోజుల్లో ఆ ఈకలన్నీ రాల్చేసుకుని ఆడదానిలా పసుపుపచ్చగా ఉంటుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒకే ఒక్క నల్ల గీత, పెన్ను కక్కితే సిరా జారినట్టు. అది చూసి కొత్త జాతేదో దొరికిందని రెండేళ్ళ పాటు నోట్సులో రాసుకున్నాను. కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని మరి. నవ్వుకో, పర్వాలేదు.

కంచె మీద గోధుమ రంగు పిట్ట ఒకటి కూర్చుని, తగువుకొచ్చినట్టు అరుస్తుంది. కళ్ళ మీదుగా దొంగ గంతలా నల్ల పట్టీ. బ్రౌన్ ష్రైక్ అంటారు. సైబీరియా, మంగోలియా వైపు నుంచి వచ్చి మన కరివేపాకు చెట్టు నాదంటుంది. మందారాల గుబురులోంచి టక్, టక్ అని ఎవరో నాలుక చప్పరించినట్టు వినిపిస్తే అదీ అలా వలస వచ్చిందే, బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. ఓ పట్టాన కనబడదు. ఫోన్లో ఏదో యాప్ గొంతు విని పేరు చెప్పేస్తుందట కదా, చెప్పనీ. కంటితో చూడకుండా మాత్రం పుస్తకంలో ఎక్కించకు.

ఇంకోటి, రాత్రి వెనక వసారాలో లైటు వెలగనివ్వకు. చిన్న పిట్టల్లో చాలావి రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి, వెలుగుకి దారి తప్పి అద్దాలకి కొట్టుకుంటాయి. ఒక అక్టోబరు తెల్లవారుజామున పారిజాతం కింద, రాలిన పూల మధ్య నవరంగ్ పిట్ట పడి ఉంది. పొట్ట కింద ఎరుపు, రెక్క మీద నీలం, కంటి మీదుగా నల్ల చార. అరచేతిలో పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం తప్ప బరువే తెలియలేదు. నీకూ అలా దొరికితే నోట్లో నీళ్ళు పొయ్యకు, కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఓ గంట ఉంచి, చెట్టు నీడన మూత తియ్యి. నాది గంటలోపే తేరుకుంది. మూత తియ్యగానే ఎగిరి బావిగట్టు మీద నిలబడి, తోక రెండుసార్లు ఆడించి, అరటి పొదలోకి వెళ్ళిపోయింది. కృతజ్ఞత లేని ముండ అని మీ నానమ్మ తిట్టింది కూడా.

ఇక సముద్రం. అసలు ఈ ఉత్తరం దీని గురించే.

1988లో దీపావళి మర్నాడు, సెలవు కదా అని, డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి నొకదాన్ని వెంటేసుకుని కుంభాభిషేకం రేవు దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నర, మూడు. నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి, కంటికి ఆనినంత మేర బురద మెరుస్తోంది. దూరంగా బురదలో మేసే ఉల్లంకి పిట్టల గుంపు, వాటి మధ్య వంపు ముక్కు పెద్ద కర్లూలు. అక్కడి నుంచి లెక్కకి అందడం లేదు. దగ్గరికెళ్దాం అన్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని బయల్దేరాం.

వంద అడుగులు వేస్తే గుంపంతా లేచి ఇంకో రెండొందల అడుగుల అవతల వాలింది. మళ్ళీ నడిచాం, మళ్ళీ లేచింది. అలా నాలుగుసార్లు లేపాను. ఎంత దూరం నుంచి వచ్చాయో పాఠం చెబుతూనే లేపాను, అదీ నా తెలివి. వాటికి పాటు ఉన్న, అంటే సముద్రం వెనక్కి తగ్గిన, ఆ నాలుగైదు గంటలే తిండి వేళ. నువ్వు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరో వచ్చి కంచం లాగేస్తే ఎలా ఉంటుంది?

పొద్దు వాలుతుంటే వెనక్కి తిరిగాం. వచ్చేటప్పుడు ఒక్క అంగలో దాటిన పాయ రోడ్డంత వెడల్పయింది. బుజ్జీ, ఇది రెండుసార్లు చదువుకో. పోటు సినిమాల్లోలాగా ఎదురుగా అలలా రాదు. నువ్వు ముందుకి చూస్తుంటే, చప్పుడు లేకుండా, పాయల్లోంచి నీ వెనక్కి వస్తుంది. కంగారులో అడ్డదారిన నడిచి మోకాలి దాకా దిగబడిపోయాను. ఒక కాలు లాగితే రెండోది దిగుతోంది. ఆ పిల్ల ఏడవడం మొదలెట్టింది. నేను టీచర్ని కాబట్టి ఏడవలేదు, అంతే తేడా.

గుల్లలు ఏరుకుని ఒడ్డుకి మళ్ళిన ఒకామె మమ్మల్ని చూసి బుట్ట దింపి వచ్చింది. నిలబడొద్దు, ఒళ్ళు వాల్చి పాకండి అని కేకేసింది. దీపావళికి కొన్న కొత్త చీరతో పసిపిల్లలా బురదలో పాకాను. కాలు ఎక్కడ గట్టిగా ఆనుతుందో ఆమెకి తెలుసు. చెరో చెయ్యీ పట్టుకుని నడుం లోతు నీళ్ళలో పాయ దాటించింది. ఒడ్డెక్కాక అడిగింది: "పిట్టల కోసం అంత దూరం ఎల్లడం ఎందుకమ్మా? పోటెక్కితే అయ్యే ఒడ్డుకొస్తాయి గదా."

ఆమె పేరు కూడా అడగలేదు నేను. డబ్బులివ్వబోతే చీర ఉతుక్కోమంది.

ఆ అమ్మాయి సోమవారం క్లాసుకొచ్చింది. ఎవరికీ చెప్పలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. పిట్టలు చూడటానికి మాత్రం మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మిగతా పిల్లలు బయల్దేరుతుంటే వరండాలో నిలబడి చూసేది. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

అందుకని చెబుతున్నాను, బురదలో అడుగు పెట్టకు. పోటు నిండడానికి రెండు గంటల ముందే వెళ్ళి గట్టున కూర్చో. నీళ్ళు పెరిగే కొద్దీ బురద తరిగిపోతుంది, పిట్టలు మేస్తూ మేస్తూ నీ వైపే జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమిలప్పుడు సుమారుగా ఉదయం తొమ్మిది, పది మధ్య పోటు నిండుతుంది. రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. కానీ పొద్దున మన తీరంలో సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పిట్టలన్నీ నల్ల బొమ్మలే. సప్తమి నుంచి దశమి దాకా చూడు. పోటు మధ్యాహ్నం దాటాక నిండుతుంది, ఎండ వీపు మీద పడుతుంది, కాళ్ళ రంగు కూడా తెలుస్తుంది. పోర్టు వాళ్ళ టైడ్ టేబుల్‌తో సరిచూసుకో. కేలండర్లో తిథులు ఎందుకని నన్ను వెక్కిరించేదానివి కదా.

ఇప్పుడొచ్చే గుంపుల్లో ఆ యేడు పుట్టిన పిల్లలుంటాయి. చాలా జాతుల్లో పెద్దవి ముందే బయల్దేరిపోతాయి, పిల్లలు దారి చెప్పేవాళ్ళు లేకుండా వాటంతట అవే వస్తాయి. 2022లో అలాస్కాలో పుట్టిన అయిదు నెలల గాడ్‌విట్ అనే తీరపు పిట్ట పిల్ల ఒకటి ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియాలో దిగింది. అది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు, ఎందుకో. పద్దెనిమిదేళ్ళకే పెట్టె సర్దుకుని ఒక్కదానివే రైలెక్కావు కదా. స్టేషన్లో మీ అమ్మ ఏడ్చింది, నేను నిన్ను తిట్టాను. నాకు ఏడవడం చేతకాదు.

తుఫాను అన్నారంటే ఆ రోజే హైదరాబాద్ బస్సెక్కు. ఆఫీసు, పిట్టలు, ఏవీ చెప్పొద్దు. 1996 నవంబరు 6 రాత్రి ఆ ఇంట్లోనే ఉన్నాను. కిటికీ రెక్క ఊడిపోతే మీ మావయ్యా నేనూ మంచం అడ్డం పెట్టి తెల్లవార్లూ వీపులు ఆనించి కూర్చున్నాం. ఆ ఒక్క రాత్రికి వెయ్యి మందికి పైగా పోయారు. తుఫాను వెళ్ళిన మర్నాడు నడిసముద్రపు పిట్టలు ఒడ్డుకి కొట్టుకొస్తాయని, చూడ్డానికి వెళ్దామని మీ వాళ్ళెవరైనా పిలుస్తారు. వెళ్ళకు. ఉప్పాడ రోడ్డు ఏ క్షణాన కోసుకుపోతుందో ఎవరికీ తెలీదు.

చొల్లంగి దగ్గర కోరింగ మడ అడవిలో చెక్కల వంతెన మీద నడవొచ్చు, దానికి నాకేం భయం లేదు. చలి ముదిరాక తీరంలో స్కిమ్మర్లు కనిపిస్తే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగ్గా, నారింజ రంగులో, నీళ్ళని గీసుకుంటూ పోతుంది. నేను చూసి చాలా ఏళ్ళయింది.

నా పాత నోట్సులు బీరువా కింది అరలో ఉన్నాయి, తీసుకో. 1988లో దీపావళి మర్నాటి పేజీ ఖాళీగా ఉంటుంది. మీ నాన్నకి చెప్పకు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. జామచెట్టు పై కొమ్మల కాయలు చిలకలకి వదిలెయ్యి. కింది కొమ్మవి నువ్వు తిను. పిల్లిని మాత్రం పెంచకు.