జాంబీకి డ్యామేజ్ ఇస్తే చావదేం?

అక్కా, కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడతాను. కమాండ్ బ్లాక్ (మనం రాసిన ఆదేశాన్ని ఆటలో అమలుచేసే పెట్టె) పెట్టి ఒక ట్రాప్ గది కట్టాను. లోపలికొచ్చినవాళ్లకి రెండు హార్ట్స్ పోవాలని నా ప్లాన్. ఎఫెక్ట్ కమాండ్‌తో ఇన్‌స్టంట్ డ్యామేజ్ 1 పెడితే మా ఫ్రెండ్‌కి ఏకంగా ఆరు పోయాయి, మరుక్షణం చచ్చిపోయాడు. జాంబీని తోలితే మాత్రం దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఎందుకు?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

తమ్ముడూ, ముందు ఆ జాంబీ సంగతి చూద్దాం. నువ్వు వాడింది మందు సీసాల్లో ఉండే ఎఫెక్ట్. జాంబీలు, అస్థిపంజరాల్లాంటి చచ్చి లేచిన జాతికి అది రివర్సులో పనిచేస్తుంది. మనకి ప్రాణం తీసేది వాటికి ప్రాణం పోస్తుంది. నువ్వు ట్రాప్ కట్టాననుకున్నావు, జాంబీలకి ఉచిత వైద్య శిబిరం పెట్టావు.

ఆరు హార్ట్స్ ఎందుకంటే, అక్కడ లెవెల్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా పెడితే మొదటి లెవెల్, 6 పాయింట్లు. 1 అని పెడితే రెండో లెవెల్, 12 పాయింట్లు. హార్ట్ ఒక్కటి రెండు పాయింట్లు, మొత్తం ప్రాణం 20.

ఆ ఎఫెక్ట్ పక్కన పెట్టు. 2023 మార్చిలో వచ్చిన 1.19.4 వెర్షన్‌తో జావాలో డ్యామేజ్ అనే కమాండే వచ్చింది. కమాండ్ బ్లాక్‌లో ఇలా రాయి (ఆటలో ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా):

/డ్యామేజ్ @పి[డిస్టెన్స్=..3] 4 కాక్టస్

అంటే బ్లాక్‌కి మూడు మీటర్లలోపు, ఆట భాషలో మూడు బ్లాకుల్లోపు, అందరికన్నా దగ్గరున్న ప్లేయర్‌కి (@పి అంటే అదే) 4 పాయింట్లు, ముళ్ల చెట్టు గుచ్చుకున్నట్టు. చివరి మాట ఊరికే అలంకారానికి కాదు. అది తీసేస్తే ఆట 'జెనరిక్' అనుకుంటుంది, దానికి కవచం అడ్డు రాదు. వజ్రాల కవచం ఒంటినిండా వేసుకొచ్చినవాడికీ రెండు హార్ట్స్ పోతాయి. కాక్టస్ అంటే కవచం కాపాడుతుంది, అదే మనిషికి పోయేది అర హార్ట్‌కి కాస్త తక్కువ. నన్నడిగితే కాక్టస్సే న్యాయం. కష్టపడి వజ్రాలు తవ్వుకున్నవాడికి ఆ మాత్రం ఫలితం ఉండొద్దూ! పైగా చచ్చినప్పుడు చాట్‌లో ముళ్లు గుచ్చుకుని పోయాడని వస్తుంది, అదో సరదా.

ఇక మరుక్షణం చావడం. నీ బ్లాక్ రిపీట్‌లో ఉన్నట్టుంది. అది సెకనుకి 20 సార్లు కొడుతుంది. ఒక దెబ్బ తగిలాక అర సెకను పాటు అంతే దెబ్బ మళ్లీ తగలదు కాబట్టి సరిపోయింది, అయినా 4 చొప్పున రెండు సెకన్లలో మనిషి ఖాళీ. ఆ బ్లాక్‌ని ఇంపల్స్‌కి మార్చి, పక్కన ప్రెజర్ ప్లేట్ పెట్టు. కాలు పెట్టినప్పుడు ఒక్కసారే కొట్టి ఊరుకుంటుంది. @ఎస్ మాత్రం అందులో రాయకు. 'ఎస్' అంటే కమాండ్ ఇచ్చిన ప్రాణి. బ్లాక్‌కి ప్రాణమెక్కడిది?

అక్కా, మా లోకంలో చుట్టూ చేరిన జాంబీలన్నిటినీ డ్యామేజ్ కమాండ్‌తో ఒకేసారి చంపాలనుకుంటే ఒక్కదానికే అనుమతి అని ఎర్రగా వస్తోంది. ఒక్కొక్కదాన్నీ చంపితే ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) రావట్లేదు.
— ఇంటర్ విద్యార్థిని, ఏలూరు

జావాలో ఆ కమాండ్ ఒక్క ప్రాణినే తీసుకుంటుందమ్మా. గుంపుని కొట్టాలంటే ముందు ఎగ్జిక్యూట్ తగిలించాలి, అది ఒక్కో ప్రాణి తరఫునా కమాండ్‌ని విడివిడిగా నడుపుతుంది:

/ఎగ్జిక్యూట్ యాజ్ @ఈ[టైప్=జాంబీ,డిస్టెన్స్=..10] రన్ డ్యామేజ్ @ఎస్ 30 ప్లేయర్_ఎటాక్ బై @పి

ఎక్స్‌పీ రహస్యం ఆ చివరి 'బై'లో ఉంది. దాన్ని వదిలేస్తే జాంబీ ఎవరి చేతిలోనూ చావనట్టే, లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు. 'బై' పెడితే నువ్వే కొట్టావని ఆట నమ్ముతుంది. అక్కడ @పి బదులు @ఎస్ రాస్తే, జాంబీ తనని తానే కొట్టుకున్నట్టవుతుంది. నీకు దక్కేది సున్నా. జాంబీ ప్రాణం 20 అయినా దానికి పుట్టుకతోనే కాస్త కవచం ఉంటుంది, అందుకే 20 చాలదు, 30 వేశాను. అదీ సరిపోకపోతే ఇంకా పెంచు, కొన్ని జాంబీలు కవచాలు తొడుక్కుని వస్తాయి.

ఒక్క జాగ్రత్త. నెదర్‌లో (ఆటలోని నరకంలాంటి లోకం) జాంబిఫైడ్ పిగ్లిన్ల (జాంబీలైన పందిమనుషుల) మీద 1 పాయింట్‌తో ఇది సరదాగా ప్రయత్నించకు. కొట్టింది నువ్వేనని వాటికీ తెలుస్తుంది, మంద మందంతా మీద పడుతుంది. అవే కావాలనుకుంటే ఎత్తైన గోడెక్కి కూర్చుని కొట్టు.

ఫోన్‌లో బెడ్‌రాక్ (ఆటలో ఇంకో ఎడిషన్) ఆడేవాళ్లు 'డిస్టెన్స్=..3' బదులు 'ఆర్=3' అని రాసుకోండి, కాక్టస్ లాంటి డ్యామేజ్ పేర్లూ, 'బై' రాసే తీరూ కూడా అక్కడ వేరు. అక్కడ చీట్స్ ఆన్ చేస్తే ఆ లోకంలో అచీవ్‌మెంట్స్ ఇక రావు, కమాండ్లకి వేరే లోకం తెరుచుకోండి.