మా వాడు స్కూల్లో సెంటర్, మరి కాలేజీలో ఏ పొజిషన్?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు టెన్త్ గ్రేడ్, ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. బాస్కెట్‌బాల్ టీమ్‌లో అందరికంటే వాడే పొడుగు కాబట్టి హైస్కూల్లో సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొజిషన్, ఆడిస్తున్నారు. ఏడాదిగా దానికే విడిగా ట్రైనర్‌ని పెట్టాం. మొన్న వేసవిలో ఒక కాలేజీ క్యాంపుకి పంపితే, అక్కడి కోచ్ "నువ్వు కాలేజీలో సెంటర్ కాదు, వింగ్ ఆడాలి" అన్నాడట, అంటే రింగ్‌కి దూరంగా, పక్కల్లో ఆడే పొజిషన్. వాడు అప్పట్నుంచి డల్‌గా ఉన్నాడు. ఇప్పుడు అంతా మార్చాలా, ఇంకా పెరుగుతాడేమో ఆగి చూడాలా? స్కాలర్‌షిప్ ఆశ పెట్టుకోవచ్చా? మేమింకా హెచ్-1 మీదే ఉన్నాం, వీడియో పంపుతున్నాను. - ఒక తండ్రి

జవాబు: నమస్తే అండీ. ముందు మీ వాడికి చెప్పండి, ఆ కోచ్ వాణ్ణి తక్కువ చేయలేదు. పనికిరాడనుకుంటే "బాగా ఆడావు, ఆల్ ద బెస్ట్" అని చెప్పి పంపించేసేవాడు. ఫలానా చోట ఆడాలి అన్నాడంటే కాసేపైనా మీ వాడి గురించి ఆలోచించాడనే లెక్క.

మన తరంలో చాలామందికి బాస్కెట్‌బాల్ అంటే స్కూల్లో పీఈటీ సారు చెప్పిందే: పొట్టివాడు బంతి తేవాలి, పొడుగువాడు రింగ్ కింద నిలబడాలి. అమెరికాలో కూడా చాలాకాలం ఇదే నడిచింది, కాకపోతే దానికి నంబర్లు పెట్టుకున్నారు, బంతి తెచ్చే పాయింట్ గార్డ్ 1, అక్కణ్ణుంచి ఒక్కొక్కటే పెరుగుతూ సెంటర్ 5. ఇప్పుడు ఆ ఐదు గళ్లు చెరిగిపోతున్నాయి. బట్లర్ అనే చిన్న కాలేజీని 2010లో, 2011లో వరసగా జాతీయ ఫైనల్‌కి తీసుకెళ్లిన బ్రాడ్ స్టీవెన్స్, ఆ తర్వాత బోస్టన్ సెల్టిక్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ కోచ్‌గా ఉన్నప్పుడు 2017లో తేల్చి చెప్పేశాడు, నా లెక్కలో ఐదు పొజిషన్లు లేవు, బంతి నడిపేవాడు, వింగ్, బిగ్ (రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు), ఈ మూడే అని. ఇప్పుడు కాలేజీ కోచ్‌లు మాట్లాడేది కూడా దాదాపు ఇదే భాష.

ఎందుకిలా అంటే మొదటి కారణం మూడు పాయింట్ల గీత, అంటే దాని బయటి నుంచి బుట్ట వేస్తే మూడు పాయింట్లొచ్చే గీత. అది కాలేజీ మగపిల్లల ఆటలోకి దేశమంతటా 1986-87 సీజన్‌లో వచ్చింది, కానీ దాని లెక్క కోచ్‌ల బుర్రకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. రింగ్ కింద మీ పొడుగువాడు నిలబడితే వాడితో పాటు ఎదుటి టీమ్ పొడుగువాడు కూడా అక్కడే ఉంటాడు, ఇక మీ గార్డ్ లోపలికి దూసుకెళ్లడానికి దారెక్కడిది? అదే ఆ పొడుగువాడు గీత బయట నిలబడి బంతి వేయగలిగితే, వాణ్ణి కాసేవాడు కూడా బయటికి రావాల్సిందే, లోపలంతా ఖాళీ. 2018లో విలనోవా కాలేజీ జాతీయ కప్పు కొట్టింది ఇలాగే. వాళ్ల సెంటర్ ఒమారి స్పెల్‌మన్, 6 అడుగుల 9 అంగుళాల మనిషి, ఆ సీజన్‌లో వేసిన ప్రతి వంద త్రీలలో (మూడు పాయింట్ల షాట్లలో) 43 బుట్టలో పడ్డాయి. సెమీఫైనల్లో కాన్సస్ మీద ఆ టీమ్ మొత్తం 18 త్రీలు వేసింది. ఇంకో తమాషా, అదే టీమ్‌లో పాయింట్ గార్డ్ జేలెన్ బ్రన్సన్, ఎత్తు తక్కువే, తనకంటే బక్కవాడు కాపలాకి దొరికితే చాలు, వాణ్ణి వీపుతో నెట్టుకుంటూ రింగ్ దగ్గరికి తీసుకెళ్లి పాత సెంటర్లలాగా పాయింట్లు కొట్టేవాడు. సెంటర్ బయట, గార్డ్ లోపల!

రెండో కారణం ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు, నన్నడిగితే అదే అసలుది: డిఫెన్స్. కాపలావాడి దారికి ఒకడు అడ్డంగా నిలబడితే స్క్రీన్ అంటారు, అది పెట్టినప్పుడు పూర్వం ఎవడి మనిషి వెంట వాడే పరిగెత్తేవాడు. ఇప్పుడు చాలా టీమ్‌లు అక్కడికక్కడ మనుషుల్ని మార్చేసుకుంటాయి, స్విచ్ అంటారు దాన్ని. అలా మార్చుకోవాలంటే ఐదుగురిలో ప్రతివాడూ పొట్టివాణ్ణీ కాయగలగాలి, పొడుగువాణ్ణీ కాయగలగాలి. కాళ్లు కదలని మనిషి ఒక్కడున్నా ఎదుటి టీమ్ పనిగట్టుకుని వాణ్ణే వెతుక్కుంటూ వస్తుంది, ప్రతిసారీ స్క్రీన్ తెచ్చి వాడి దగ్గరే పెడుతుంది. చూస్తుంటే మనకే జాలేస్తుంది.

మరి పర్డ్యూ కాలేజీ జాక్ ఎడీ పాత తరహా సెంటరే కదా, 2023లో, 2024లో వరసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ ఆటగాడు కదా అని మీరు అడుగుతారని తెలుసు, ఈ ప్రశ్న నన్ను అడగని తండ్రి లేడు. నిజమే. కానీ ఆయన ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలండీ. అంత ఎత్తుంటే నియమాలు వేరు. అయినా 2023లో అదే పర్డ్యూని కాలేజీ ఆటలో పై మెట్టు అయిన డివిజన్ 1లోకెల్లా పొట్టి టీమ్ ఫెయిర్లీ డికిన్సన్ జాతీయ టోర్నీ మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపింది. 2024 ఫైనల్లో ఎడీ ఒక్కడే 37 పాయింట్లు కొట్టినా కనెక్టికట్ కాలేజీ చేతిలో 75-60తో ఓడిపోయారు. కనెక్టికట్ వాళ్లు ఎడీని వాళ్ల సెంటర్‌కి వదిలేసి, బయటి షూటర్లను అంటిపెట్టుకుని ఉన్నారు, ఆట మొత్తంలో పర్డ్యూకి పడ్డది ఒక్క త్రీ. ఒక్కటే.

ఇంకోవైపు మీ డాలస్‌కే వచ్చిన కూపర్ ఫ్లాగ్‌ని చూడండి. 6 అడుగుల 9 అంగుళాలు, పాత లెక్కలో ఖచ్చితంగా ఫార్వర్డ్, అంటే రింగ్ వైపు ఆడే పొడుగువాడు. డ్యూక్ కాలేజీలో ఆడిన ఒక్క ఏడాదిలో పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతి పట్టడం), బుట్టకి దారితీసే పాస్‌లు, మూడింట్లోనూ టీమ్‌లో ఆయనే మొదటివాడు. 2025లో డాలస్ ప్రొఫెషనల్ టీమ్ మావెరిక్స్ కొత్త ఆటగాళ్లందరిలో మొదటి పిక్‌గా తీసుకుని, వచ్చీరాగానే బంతి చేతికిచ్చి పాయింట్ గార్డ్‌గా ఆడించారు. అంటే మీ వాడి కంటే ఆరంగుళాలు పొడుగున్నవాడు బంతి నడుపుతుంటే, మీ వాడు రింగ్ కింద నిలబడి ఎవరి మీద నుంచి షాట్ వేస్తాడు చెప్పండి? ప్రొఫెషనల్ ఆటలో డ్రేమండ్ గ్రీన్ 6 అడుగుల 6 అంగుళాలతోనే సెంటర్ ఆడాడని ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఆడాడు, కానీ మిచిగన్ స్టేట్ కాలేజీలో నాలుగేళ్లు ఉండి బంతి పంచడం, ఎవరినైనా కాయడం నేర్చుకున్నాకే ఆడాడు.

ఇక మీ వీడియో. నాలుగు నిమిషాలదే, రెండుసార్లు చూశాను. అన్నీ బుట్టలే పెట్టారు. పిల్లవాణ్ణి చూపించేటప్పుడు తల్లిదండ్రులంతా అదే చేస్తారు, కోచ్‌లు అదే చూడరు. నాకు రెండు చోట్ల కళ్లు ఆగాయి. ఒకచోట ఫ్రీ త్రో గీత దగ్గర మీ వాడికి బంతి అందింది, ముందు ఒక్క మనిషి, రెండు అంగలేస్తే రింగ్. వాడేమో చెయ్యి కాలినట్టు ఆ బంతిని వెంటనే గార్డ్‌కి తిరిగిచ్చేశాడు. సెంటర్‌వి, నీకు డ్రిబ్లింగ్ ఎందుకు అని వాడికి ఎవరో గట్టిగా చెప్పి ఉంటారు. రెండోది వీడియో చివర్లో పొరపాటున మిగిలిపోయినట్టుంది: స్విచ్ అయి ఒక చిన్న గార్డ్ మీ వాడి ముందుకొచ్చాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మీ వాడు నడుం వంచి, చేతులు చాపి, పక్కపక్కకి జరుగుతూ ముందు నుంచి కదల్లేదు, చివరికి ఆ పిల్లాడు దిక్కుతోచక ఒక పిచ్చి షాట్ వేశాడు. అది రింగ్‌కి కూడా తగల్లేదు. వింగ్ ఆడమని ఆ క్యాంపు కోచ్ అన్నది ఇలాంటిదేదో చూసే అయ్యుంటుంది. మీరేమో దాన్ని కత్తిరించబోయారు!

కాబట్టి ఎత్తు కోసం ఆగొద్దు. పెరిగితే మంచిదే, గార్డ్ పనులు వచ్చిన పొడుగువాడికి ఎప్పుడూ గిరాకీయే. ఆ ట్రైనర్‌ని మాన్పించేసి, లేదా ఆయన్నే అడిగి, ఎడమ చేత్తో డ్రిబ్లింగ్, పరిగెడుతూ పాస్ ఇవ్వడం, బంతి అందగానే వేసే త్రీ, ఈ మూడింటి మీద పెట్టించండి. త్రీ ప్రాక్టీస్ స్కూల్ గీత మీద చేస్తే లాభం లేదు, అది 19 అడుగుల 9 అంగుళాలు, మగపిల్లల కాలేజీ గీత 2019 నుంచి 22 అడుగులు దాటింది. ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఒక టేపు ముక్క అంటించండి చాలు. స్కూల్ కోచ్‌తో గొడవ మాత్రం వద్దు, ఆయనకి టీమ్ గెలవాలి, సెంటర్ కావాలి. అక్కడ సెంటర్ ఆడుతూనే వేసవి ఎ.ఎ.యు. టీమ్‌లో (స్కూల్ బయటి క్లబ్ టీమ్) వింగ్ ఆడొచ్చు, చాలామంది చేసేది అదే.

స్కాలర్‌షిప్ గురించి అడిగారు కదా, మెత్తగా చెప్పలేను. హైస్కూల్లో ఆడే మగపిల్లల్లో ఏదో ఒక డివిజన్‌లో కాలేజీ ఆట దాకా వెళ్లేది వందలో ముగ్గురు నలుగురు, డివిజన్ 1కి సుమారు ఒక్కడు. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే జాబితా) వచ్చాక కోచ్‌లు పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చి రెండేళ్లు తీర్చిదిద్దే ఓపిక పోగొట్టుకున్నారు. వేరే కాలేజీలో రెండేళ్లు ఆడేసిన ఇరవై ఒకటేళ్ల వింగ్ రెడీగా దొరుకుతుంటే మీ వాడి కోసం ఎందుకు ఆగుతారు? 2024లో వచ్చిన నియమంతో, చదువులో అర్హత నిలుపుకున్న ఆటగాళ్లకి ఎన్నిసార్లైనా కాలేజీ మారే వీలొచ్చింది. అందుకే డివిజన్ 3 కూడా చూడండి, అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, కానీ ఎం.ఐ.టి., కార్నెగీ మెలన్, ఎమొరీ లాంటివి ఆ డివిజన్‌లోనే ఆడతాయి, మార్కులతో పాటు అక్కడి కోచ్ మాట సాయం అడ్మిషన్‌కి పనికొచ్చే అవకాశం ఉంది. మీకు దగ్గర్లోని యూటీ డాలస్ 2025లో డివిజన్ 3 నుంచి డివిజన్ 2కి మారింది, దాని మీద కూడా కన్నేసి ఉంచండి. డివిజన్ 1 ఆశ వదులుకోకపోతే, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్.సి.ఎ.ఎ. అడిగే 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టులు), అందులో కనీసం 2.3 జీపీఏ, ఇది స్కూల్ కౌన్సిలర్‌తో ఈ నెలలోనే సరిచూసుకోండి.

హెచ్-1 సంగతి మాత్రం జాగ్రత్త. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. తోటి పిల్లలు తీసుకుంటున్నారు కదా అని మీ వాడు కూడా ఏ రెస్టారెంట్‌కో రీల్ చేసి చెక్కు తీసుకుంటే, హెచ్-4 (హెచ్-1 వాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్నవాడికి అది అనుమతి లేని పని కిందికి రావచ్చు. ఎఫ్-1కి (విద్యార్థి వీసాకి) మారినా ఈ చిక్కు ఉంటుంది. ఫీజు తగ్గించే స్కాలర్‌షిప్ వేరు, చేతికొచ్చే డబ్బు వేరు. ఇరవై ఒకటో ఏట హెచ్-4 ఎలాగూ పోతుంది కాబట్టి లాయర్‌ని అప్పుడు కాదు, ఇప్పుడే ఒకసారి కలవండి. రిక్రూటింగ్ సర్వీసులకి మాత్రం వేలకి వేలు కట్టకండి. నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబం అలా కట్టింది, బదులుగా వచ్చింది రెండు వందల కాలేజీలకి ఒకే ఈమెయిల్, అందులో పిల్లాడి పొజిషన్ కూడా తప్పే.

ఈసారి నాకు హైలైట్స్ వద్దు. ఒక ఆట మొత్తం పంపండి, ఓడిపోయినదైతే మరీ మంచిది, మీ వాడు బెంచి మీద కూర్చున్న నిమిషాలు కూడా తీసేయకండి.