రెండేండ్లే గదా అనుకోకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నీకు, బుజ్జిదానికి దుబాయ్ వీసాలు వచ్చినయని మీ అమ్మ నిన్న ఫోన్ల చెప్పింది. మంచిగైంది. అల్లుడు పోయి ఆర్నెల్లాయె, ఆయన అక్కడ, మీరిద్దరు ఇక్కడ, ఎన్నొద్దులని ఉంటరు. గాని మీ అమ్మ ఇంకో మాట గూడ అన్నది. "రెండేండ్లే గదా అక్కా, ఇట్ల పోయి అట్ల వస్తరు" అని. ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. ఫోన్ల చెప్తే "ఆఁ పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని ఆ చెవిల విని ఈ చెవిల ఇడిసిపెడ్తవ్. అందుకే కాయితం పట్టిన.

మేం పోయింది 1999ల. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర చూసుకొని బయలెల్లినం. మీ పెద్దనాయన అప్పుడు ఏమన్నడో తెల్సా? "రెండేండ్లకోసారి వచ్చే జాతర గదా, మళ్ల జాతరకు వచ్చి లింగమంతుల సామికి కొబ్బరికాయ కొడ్తం, ఇంక పోము" అన్నడు. మళ్ల మేం ఆ గట్టెక్కింది 2019ల. నడుమ తొమ్మిది జాతరలు పోయినయి. ప్రతిసారి వచ్చే జాతరకు, వచ్చే జాతరకు అనుకున్నం.

పంతొమ్మిదేండ్లు ఉన్నందుకు నాకు బాధ లేదు. ఆ పైసలతోనే పిల్లలు చదివిన్రు, ఈ ఇల్లు లేసింది. బాధల్ల రెండేండ్లకు వచ్చినోళ్ల లెక్క బతికినందుకు. రెండేండ్లకు మంచమెందుకని నేల మీద పరుపు ఏసుకొని ఆరేండ్లు పండుకున్నం. కిటికీకి పరదా కొనలే, పాత చీర కట్టిన. మంచి టీ కప్పుల సెట్టు ఒకటి కొన్న గాని అట్టపెట్టెల నుంచి తియ్యలే, నల్లగొండల ఇల్లు కట్టినంక వాడుదమని. అది ఇప్పుడు నా అల్మారిల ఉన్నది, వచ్చేటప్పుడు సామాన్ల పడి రెండు కప్పుల చెవులు విరిగినయి. ఆ ఆరేండ్లల్ల మా పెద్దోడు రెండేండ్లోడు ఎనిమిదేండ్లోడైండు. వాని చిన్నతనం సగం మూటలు కట్టిన ఇంట్లనే పోయింది. ఒకసారి బళ్లె వాణ్ని మీ ఇల్లు బొమ్మ గియ్యమంటే సూట్‌కేసులు గీసుకొచ్చిండు. మేం నవ్వినం అప్పుడు.

అందుకే మొదటి నెలలనే మంచం కొను. పరదాలు కట్టు. కొత్తవే కావాలని లేదు. ప్రతి ఎండాకాలం ఇండ్లు ఖాళీ చేసి పోయేటోళ్లు మస్తుమంది ఉంటరు, మంచి సామానే అగ్గువకు ఇడిసిపోతరు. పాత సామాన్లు అమ్మే వెబ్‌సైటు ఉంటది, దుబిజిల్ అని, అండ్ల చూడుమని అల్లునికి చెప్పు.

ఇంకో రోగం ఉంటది, గుణకారం. మేం పోయినప్పుడు అక్కడి దిర్హానికి మన పన్నెండు రూపాయలు గూడ లేకుండె. అయినా కొత్తిమీర కట్ట చేతుల పట్టుకుంటే మనసుల గుణించుడే. పిల్లగాణ్ని కూసోబెట్టి తోసే బండి కొందమని దుకాణం దాంక పోయి, గుణించి, "అమ్మో" అని వాపసు వచ్చిన. వాణ్ని సంకనేసుకొనే తిరిగిన. ఆ నడుము నొప్పి ఇప్పటికీ నాతోనే ఉన్నది. ఇప్పుడు దిర్హం ఇరవై రూపాయలు దాటింది, నీకు ఈ రోగం ఇంకా గట్టిగ పట్టుకుంటది. జీతం దిర్హాల్ల వస్తది, ఖర్చు గూడ దిర్హాల్లనే చూడు. రూపాయల లెక్క ఇంటికి పంపే పైసలకే.

ఇల్లు షార్జాల తీస్కుందమా దుబాయ్‌ల తీస్కుందమా అని అల్లుడు ఆలోచిస్తున్నడట. షార్జాల కిరాయి తక్కువ, నిజమే. మేం మొదలు నాలుగేండ్లు అక్కడనే ఉన్నం, అల్ నహ్దాల. ఒక పక్క షార్జా, ఇంకో పక్క దుబాయ్. చూస్తే ఇంతే దూరం. గాని పొద్దుగాల ఆ హద్దు దాటాల్నంటే తలప్రాణం తోకకొస్తది. మీ పెద్దనాయన పిల్లలు నిద్రల ఉండంగ పోయి, నిద్రల ఉండంగ వచ్చేది. చిన్నదైనా సరే, దుబాయ్‌ల కుసైస్ దిక్కు మెట్రోకు నడిచిపోయేటంత దూరంల ఇల్లు దొరికితే అదే తీస్కోండ్రి. మెట్రోల ఆడోళ్లకు, పిల్లలకు వేరే డబ్బ ఉంటది, నువ్వొక్కదానివే గూడ పోయిరావొచ్చు. లోపల ఏం తిన్నా, చూయింగ్ గమ్ నమిలినా 100 దిర్హాల జుర్మానా, బుజ్జిదాని చేతుల బిస్కెట్లు పెట్టకు. ఇంకో కుటుంబంతోని కలిసి ఒకే ఫ్లాటుల ఉందమంటే మాత్రం వద్దంటే వద్దు. ఒక పొయ్యి మీద ఇద్దరు ఆడోళ్లంటే అక్కచెల్లెండ్లకే నడువదు.

కిరాయి నెలనెల ఇచ్చుడు కాదక్కడ. ఏడాదికి రెండో నాలుగో చెక్కులు ముందుగాలనే రాసియ్యాలె. ఎన్ని తక్కువ చెక్కులైతే కిరాయి అంత తగ్గిస్తరు. ఆ తేదీలు నువ్వు గూడ యాది పెట్టుకో, ఆయన మీదనే వదలకు. కిరాయి కాయితాన్ని ఎజారీల, అంటే దుబాయ్ సర్కారు కిరాయి రిజిస్టర్ల, ఎక్కించిన్రా లేదా అని నీ కండ్లతోని చూసుకో.

ఇది ఎందుకు చెప్తున్నంటే, నేను మొదట్ల ఏదీ చూసుకోలే. అన్నీ ఆయనకే తెల్సు అనుకున్న. మా పెద్దోనికి నాలుగేండ్లప్పుడు ఒక రాత్రి జరమొచ్చి ఫిట్స్ లేసినయి. ఆయన పని మీద అబుదాబిల ఉన్నడు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఎక్కడున్నవమ్మా అని అడుగుతున్నరు, నాకు మా బిల్డింగ్ పేరు రాదు. రెండేండ్ల నుంచి ఉంటున్న ఇల్లు! పిల్లగాణ్ని ఎత్తుకొని కిందికి ఉరికి, గ్రోసరీ దుకాణం మలయాళపాయన చేతికి ఫోన్ ఇచ్చిన. ఆయన అడ్రస్ చెప్పి, దుకాణం మూసి, దవాఖానకు గూడ నాతోనే వచ్చిండు. ఇప్పుడు దుబాయ్‌ల ప్రతి బిల్డింగ్ దర్వాజ కాడ మకానీ అని పది అంకెల నంబరు పలక ఉంటది. దిగిన రోజే దాన్ని రాసుకొని ఫ్రిజ్ మీద అతికియ్యి. అంబులెన్స్ 998, పోలీసు 999, పక్కన రాసిపెట్టు. గ్రోసరీ ఆయనతోని మొదటి రోజే మంచిగ మాట్లాడు. ఫోన్ కొడ్తే పాలు, కుబూస్ రొట్టెలు పైకి పంపిస్తడు, ఖాతా రాస్తడు. నీకు అక్కడ మొదటి సుట్టం ఆయననే అయితడు.

నీ పేరు మీద నీకో సిమ్, బ్యాంకుల నీకో ఖాతా ఉండాలె. పాస్‌పోర్టులు, పెండ్లి సర్టిఫికెట్టు, బుజ్జిదాని బర్త్ సర్టిఫికెట్టు అసలుయి ఇంట్లనే, నీకు తెల్సిన కాడ ఉండాలె. మీ ఇద్దరి వీసాలు అల్లుని వీసాకు కట్టేసి ఉన్నయి. ఆయన నౌకరి కదిలితే మీరూ కదుల్తరు. అందుకని మూడు నెలల ఖర్చు ఎన్నడూ ముట్టుకోకుండ పక్కకు పెట్టుకోండ్రి. జీతం కాయితంల బేసిక్, అంటే అసలు జీతం, ఎంత రాసిన్రో చూడుమను. మానేసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ దాని మీదనే లెక్క, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మొత్తం జీతం పెద్దగ, బేసిక్ చిన్నగ ఉంటే చివరికి చేతికొచ్చేది గూడ చిన్నగనే ఉంటది. ఇంకో సంగతి. రేపు రెండో కాన్పుకని ఇంటికొస్తే ఆర్నెల్లు దాటకుండ తిరిగిపో. దాటితే వీసా పోతది.

ఇప్పుడు భూమి సంగతి. చదివి అల్లునికి గూడ వినిపియ్యి. నాలుగు పైసలు చేతుల పడంగనే ఊరి నుంచి ఫోన్లు మొదలైతయి, ఫలానా కాడ రెండెకరాలు వచ్చినయి, పిరమైతది, ఇప్పుడే తీస్కోండ్రి అని. మనకు భూమంటే పానం గదా. బయట దేశంల ఉండేటోళ్లు ఇక్కడ సాగు భూమి, తోట, ఫాంహౌజ్ కొనొద్దని చట్టం ఉన్నది. తాతతండ్రుల నుంచి వస్తే తీస్కోవచ్చు. ఇల్లు, ఫ్లాటు, ఇంటి జాగ కొనొచ్చు. మాకు ఈ సంగతి తెల్సు. తెల్సి గూడ 2006ల దగ్గరి సుట్టం పేరు మీద రెండెకరాలు కొన్నం, వచ్చినంక మా పేరుకు మారుస్తడని. మేం వచ్చేసరికి ఆ చేనుల పత్తి ఉన్నది, పాసుబుక్కుల ఆయన పేరు ఉన్నది. ఎవరో చెప్పను, పండుగకు ఇంటికొస్తడు, మేమూ పోతం. ఇప్పటికి గూడ ఆ తొవ్వల పోతుంటే మీ పెద్దనాయన బస్సు కిటికీ నుంచి అటు చూడడు.

ఇక్కడ బ్యాంకుల ఉన్న సేవింగ్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ కింద, అంటే బయట దేశంల ఉండేటోళ్ల ఖాతా కింద, మార్పియ్యాలె. అక్కడి నుంచి పంపే పైసలకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తియ్యండ్రి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, కావాల్నంటే మళ్ల అక్కడికి తీస్కపోవచ్చు. ఎవరికన్న పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ బదులు సంతకం పెట్టే హక్కు, ఇయ్యాల్సొస్తే ఆ ఒక్క పనికే ఇయ్యండ్రి, అన్నిటికి కలిపి ఇయ్యకండ్రి. కాన్సులేట్‌ల చేపిచ్చి పంపిన కాయితం ఇక్కడికి చేరినంక మూడు నెలల్ల స్టాంపు ఏపియ్యాలె, అది చానమందికి తెల్వదు.

సామాను సర్దేటప్పుడు మీ అమ్మ ప్రేమతోని అన్నీ కుక్కుతది, నువ్వే చూసుకోవాలె. గసాలు మాత్రం ఒక్క గింజ గూడ పోవద్దు. మనకు మాంసం కూరల మసాల, వాళ్లకు మత్తుమందు. జైలుకు పోయినోళ్లు ఉన్నరు. నూరిపిచ్చిన గరం మసాలల గూడ లేకుండ చూసుకో, అక్కడ జీడిపప్పు నూరి పోసుకుంటే సరిపోతది. తమలపాకులు, పాన్ వద్దు. ఎండు కుడుకలు విమానంల పోనియ్యరు, అంటుకునే వస్తువంటరు. తొక్కు చేతిసంచిల కాదు, పెద్ద పెట్టెల వెయ్యి. నడుము నొప్పికని ఎవరో ఇచ్చిన గోలీలు, దగ్గు మందు చీటి లేకుండ పెట్టకు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు అక్కడ గట్టి కట్టడి కింద ఉంటయి.

వాట్సాప్ కాల్ అక్కడి నుంచి పోదు. పోకముందే మీ నాయనమ్మ ఫోన్ల బోటిమ్ అనే కాల్ యాప్ ఎక్కిచ్చి, పచ్చ గుండీ ఎక్కడుంటదో నాలుగుసార్లు నొక్కిపిచ్చు. మనకు తొమ్మిదైతే అక్కడ ఏడున్నర. రోజూ ఒక్కటే టైముకు చెయ్యి, లేకుంటే ముసలామె పొద్దంత ఫోన్ ఒళ్లె పెట్టుకొని కూసుంటది. బుజ్జిదానితోని మాట్లాడియ్యి, అది గూడ తెలుగులనే. బళ్లె ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ ఎట్లనో అట్ల వస్తయి, తెలుగు మాత్రం ఇంట్ల నువ్వు మాట్లాడితేనే. మా చిన్నది తెలుగు మాట్లాడుతది గాని మలయాళం రాగం తీస్తది. ఊరికొచ్చినప్పుడు అందరు నవ్విన్రని ఒక ఎండాకాలమంత నోరు తెరవలే. నవ్వినోళ్లల్ల నువ్వు గూడ ఉన్నవ్, నాకు యాదికున్నది.

బడి సెలవులు జులై, ఆగస్టుల. టికెట్లు అప్పుడే పిరం. బతుకమ్మకు రాలేరు. మా పిల్లలు అసలు బతుకమ్మ చూసింది పెద్దగైనంకనే. అక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. బర్ దుబాయ్ పాత గుడి సందుల బంతిపూలు, చామంతులు తెచ్చి పేర్చి, బాల్కనీల టబ్బుల నిమజ్జనం చేసేటోళ్లం. మొదటి ఏడు నేనొక్కదాన్నే ఆడిన. మూడో ఏడుకు పదకొండు మందిమైనం, అండ్ల ఇద్దరు జగిత్యాలోళ్లు, ఒకామె గుజరాతీ. మన దిక్కు నుంచి గల్ఫుకు పోయేటోళ్లు తక్కువ, కరీంనగర్, నిజామాబాద్ దిక్కోళ్లే ఎక్కువ, బొంబాయి బస్సెక్కేటోళ్లల్ల మన పాలమూరోళ్లు ఎట్ల ఎక్కువనో అట్ల. రోడ్డు పనుల కాడ, బిల్డింగ్ పనుల కాడ తెలుగు ఇనపడ్తది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక పగటీలి పన్నెండున్నరకు బయటి పని ఆపుతరు, నీడ దొరికిన కాడ పండుకుంటరు. చల్లటి నీళ్ల సీసలు ఒక సంచిల ఏసుకపోయి ఇయ్యి. తొక్కు ఉంటే తొక్కు గూడ. ఊరేదని అడుగు, అంతకంటె ఎక్కువ అడగకు.

ఇంక ఏమన్న ఉంటే ఫోన్ల అడుగుదువు. మిరపకాయలు తొడిమెలు తీసి ఎండవోసిన, ఆదివారం గిర్నీల పట్టిస్త. అల్లునికి ఇష్టమని పల్లికారం గూడ దంచుతున్న. సోమవారం వచ్చి పట్టుకపో. పెద్ద స్టీలు డబ్బల పోసిస్త, ఆ మూత గట్టిగున్న మంచిది. డబ్బ వాపసు పంపుడు గింపుడు పెట్టుకోకు, అక్కడనే నీ వంటింట్ల అరల పెట్టుకో.

పెద్దమ్మ