జన్యుమార్పిడి భయంతో అన్నీ నాటు విత్తనాలే వేయాలా?

బొబ్బిలి దగ్గర రెండెకరాల పొలం, ఇంటి వెనుక పది సెంట్ల పెరడు ఉన్నాయని, దుకాణాల్లో దొరికే విత్తనాలన్నీ జన్యుమార్పిడి చేసినవేనని ఎవరో చెప్పగా విని భయపడుతున్నామని, ఈ ఖరీఫ్ నుంచి నాటు విత్తనాలు, సేంద్రియ విత్తనాలు తప్ప మరేవీ వేయకూడదనుకుంటున్నామని మీరు రాశారు. రాజాం పక్కన ఇరవై ఏళ్లకు పైగా వరి, పత్తి, చోడి (రాగి) పండిస్తున్నవాడిగా, మధ్యలో నాటు విత్తనాల మోజులో పడి ఒక పంట పోగొట్టుకున్నవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

మీకు చెప్పిన మాట నిజం కాదు. మన దేశంలో సాగుకు అనుమతి పొంది రైతుల చేతికి వచ్చిన జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే, అంటే నేల సూక్ష్మజీవి జన్యువు వల్ల కాయ తొలిచే పురుగుకు విషమయ్యే పత్తి. దానికి 2002లో అనుమతి ఇచ్చారు. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల సంఘం పచ్చజెండా ఊపినా, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరిలో దానిని నిలిపివేశారు. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో వచ్చిన అనుమతిపై 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులు చెప్పారు, ఆ విత్తనం రైతుల చేతికి రాలేదు. కాబట్టి మీరు కొనే టమాటా, బెండ, మొక్కజొన్న ప్యాకెట్లలో ఉన్నది చాలావరకు హైబ్రిడ్ విత్తనమే గాని జన్యుమార్పిడి విత్తనం కాదు. రెండు రకాల మొక్కలను కలిపి పుట్టించినది హైబ్రిడ్. ఒక నేల సూక్ష్మజీవి నుంచి తీసిన జన్యువును పత్తిలోకి చొప్పించినట్లు చేసినది జన్యుమార్పిడి. అలాగని జాగ్రత్త అక్కరలేదని అనను. కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనం అనుమతి లేకుండానే చేతులు మారుతున్నది. 2019లో హర్యానాలో ఒక పొలంలో అనుమతి లేని బీటీ వంకాయ బయటపడింది. బిల్లు లేకుండా, పేరు లేని సంచిలో అమ్మే విత్తనాన్ని కొనకపోవడమే దీనికి మందు. సాంబ మసూరి, కాటన్‌దొర సన్నాల నుంచి జన్యు సవరణతో తయారుచేసిన రెండు వరి రకాలను 2025 మేలో ప్రకటించిన మాట నిజమే. అయితే వాటిలో పరాయి జీవి జన్యువు ఉండదు, ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేశారు. అటువంటి విత్తనం సంచి మీద ఆ సంగతి స్పష్టంగా ముద్రించాలన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం.

ఇక నేను స్వయంగా వేసిన జన్యుమార్పిడి పంట గురించి. బీటీ పత్తి వేసిన తొలి రెండు మూడేళ్లు కాయతొలుచు పురుగు మందుల ఖర్చు బాగా తగ్గింది, ఆ మాట దాచడం న్యాయం కాదు. అయితే ఆ రోజుల్లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం కూడా ఇచ్చేవారు. పొలం చుట్టూ దానిని వేస్తే పురుగుల్లో కొన్ని బీటీ విషానికి అలవాటు పడకుండా మిగులుతాయని, అవి తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ గుణం పెరగకుండా ఆపుతాయని దాని ఉద్దేశం. మేము దానిని గట్టు మీద పారేసి, ఆ చోట కందులు చల్లాము. ఊరంతా అదే చేసింది. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని లెక్కచేయకుండా కాయలోకి దూరడం మొదలుపెట్టింది, పచ్చదోమ, తెల్లదోమలను బీటీ మొదటి నుంచీ ఆపనే లేదు, మందుల సీసాలు మళ్లీ ఇంటికి చేరాయి. ఏటా విత్తనం కొనక తప్పని పరిస్థితి అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధించింది. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి మన ప్రాంతపు నాటు పత్తే. దాని దూదిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. కాని దాని పింజ, అంటే దూది పోగు, పొట్టిది గనుక మిల్లులు అడగవు, నేత నేసేవారితో ముందుగా మాట్లాడుకోకుండా ఎకరాలకు ఎకరాలు వేస్తే అమ్ముకోలేరు.

మీ ప్రశ్నలో మరొక తికమక ఉంది. సేంద్రియం అనేది పండించే పద్ధతి, నాటు అనేది విత్తనపు వంశం. రసాయనాలు చల్లి పండించిన నాటు వంకాయా ఉంటుంది, రసాయన ఎరువులు ముట్టకుండా పండించిన కొత్త రకం వరీ ఉంటుంది. ప్రకృతి వ్యవసాయం చేయడానికి నాటు విత్తనమే ఉండాలన్న నియమం లేదు. విత్తనానికి బీజామృతం (ఆవు పేడ, మూత్రం కలిపిన ద్రావణం) పట్టించి, మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన వరి రకాలు వేసేవారు మా ఊళ్లోనే ఉన్నారు.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. 2018లో ఒక విత్తనాల సంతలో మాప్పిళ్ళై సాంబ అనే వడ్లు కిలో రెండు వందలకు కొని అరెకరంలో నాటాను. అది తమిళనాడుకు చెందిన రకమని, మనిషి ఎత్తు పెరుగుతుందని, పంటకాలం అయిదు నెలలకు పైబడుతుందని అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు. మాది చెరువు చివరి మడి. అక్టోబరులో తిత్లీ తుపాను అంచు మాత్రమే తగిలినా పైరు చాప పరచినట్లు పడిపోయింది, మిగిలినది గింజ పట్టే వేళకు చెరువులో నీళ్లు లేవు. దానికితోడు కోసినప్పుడు చూస్తే మూడు రకాల గింజ కలిసి ఉంది. అప్పటి నుంచి ఎవరైనా దేశవాళీ అంటే, ఏ దేశపు వాళీ అని ముందు అడుగుతున్నాను. నవార అనే వరి కేరళది, మన చెరువు కింద అది ఎలా వస్తుందో ఒక సెంటులో వేసి చూసుకున్న తర్వాతే పొలానికి తీసుకెళ్లాలి.

మీ రెండెకరాలకు నేనైతే వరిలో రాగోలు పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537, లేదా మీ నీటి వసతికి తగిన మరొక రకాన్ని నీలి రంగు చీటీ ఉన్న ధ్రువీకరించిన విత్తనంగా ఒకసారి కొని, ఆ తర్వాత మూడేళ్లు సొంత గింజే వాడతాను. ఇది హైబ్రిడ్ కాదు, జన్యుమార్పిడీ కాదు. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది గనుక వచ్చే ఏడాది కూడా అదే రకం వస్తుంది. మెట్ట భాగంలో చోడి వేయండి. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన వేగావతి రకమైనా, మీ ఊరి పెద్దల ఇంట మిగిలిన పాత చోడి అయినా విత్తనం కట్టుకోవడానికి పనికొస్తుంది. మొక్కజొన్న వేయదలిస్తే మాత్రం హైబ్రిడ్ కొనక తప్పదు, దాని గింజను దాచి మళ్లీ వేస్తే పొలం ఎగుడుదిగుడుగా వస్తుంది. నాటు విత్తనాల సరదా అంతా పెరట్లో తీర్చుకోండి: వంగ, చిక్కుడు, ఆనప, బీర. ఆనప, బీర పక్క పాదుల పుప్పొడితో కలుస్తాయి గనుక ఒక్కో దానిలో ఒకే రకం ఉంచండి. వంకాయను చెట్టు మీదే పసుపెక్కేవరకు వదిలి, గింజ తీసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాచడం మా అమ్మ పద్ధతి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన గింజను దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు పెట్టి అమ్మడం మాత్రం కుదరదు.

వరి విత్తనం కట్టేటప్పుడు పొలం గట్ల పక్కన మూడు మీటర్లు వదిలి, మధ్య మడిలో కేళీలు (వేరే రకపు మొక్కలు) పీకేసిన చోట మాత్రమే కోసి, విడిగా నూర్చండి. నారు పోసే ముందు కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపిన నీళ్లలో గింజలు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగిన వాటిని మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. అంతకు పది రోజుల ముందే వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి ఉంచి, ఎన్ని మొలిచాయో చూడండి. ఎనభైకి తగ్గితే, ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చిన నాటు గింజ అయినా సరే, దంచి వండుకోండి, మడిలో మాత్రం చల్లకండి.