మోకీలు ఇన్ఫెక్షన్: కొత్త మందు ట్రయల్‌లో చేరవచ్చా?

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు. మోకీలు మార్చిన రెండేళ్లకు అందులో చీము పట్టింది. కొత్త యాంటీబయాటిక్ ట్రయల్‌లో చేరతారా అని డాక్టరుగారు అడుగుతున్నారు. ఉత్తుత్తి మందు ఇస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: ఆ భయం అక్కర్లేదు. ఈ జబ్బును మందు లేకుండా వదిలేయకూడదు. అందుకే సాధారణంగా కొందరికి కొత్త మందు, కొందరికి ఇప్పుడు వాడుతున్న మందు ఇస్తారు. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ లాటరీ. ఉత్తుత్తి మందు ఉన్నా, దాన్ని అసలు మందుతో పాటే ఇస్తారు.

అంతకన్నా ముందు అడగాల్సింది, ఏ క్రిమి అని తేలిందా అని. కృత్రిమ కీలుకు అంటుకున్న స్టాఫిలోకాకస్ అనే క్రిమి తన చుట్టూ జిగురు పొర కట్టుకుని, లోపల మందకొడిగా బతుకుతుంది. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన మందు కీలులో చతికిలబడేది అందుకే. కాబట్టి ఆపరేషన్‌ చేసి శుభ్రం చేయకుండా మందొక్కటే ఇస్తామంటే ఎందుకని గట్టిగా అడగండి.

ఆ ఆపరేషన్‌లో కీలు చుట్టూ వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో ముక్కకు ఒక్కో శుభ్రమైన పరికరంతో, 5 కండ ముక్కలు తీసి కల్చర్‌కు (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపడం మంచి పద్ధతి. ఒకే క్రిమి కనీసం రెండింటిలో పెరిగితే నమ్మవచ్చు. ఒక్కదాంట్లోనే కనిపిస్తే చర్మం మీది క్రిమి కలిసి ఉండవచ్చు. మెల్లగా పెరిగేవాటికి 14 రోజులు ఆగాలి. ముందే మెడికల్ షాపులో కొని యాంటీబయాటిక్ వేసుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. నిలకడగా ఉన్న రోగికి ముక్కలు తీయడానికి రెండు వారాల ముందు యాంటీబయాటిక్ ఆపిస్తారు. ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడకండి. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ వాడుతుంటే మాత్రం తప్పక చెప్పండి, దాని పనితనం తగ్గిపోతుంది.

సంతకానికి ముందు సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు నంబరు, తెలుగు అంగీకార పత్రం అడగండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిందే. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు.

ప్రశ్న: ఆరు వారాలు ఇంజెక్షన్లేనా, మాత్రలు చాలవా?

జవాబు: చాలామందికి చాలు. బ్రిటన్‌లో 1,054 మందిపై చేసిన, 2019లో వెలువడిన ట్రయల్‌లో ఏడాదిలోపు చికిత్స విఫలమైంది మాత్రల వర్గంలో 13.2 శాతం, ఇంజెక్షన్ల వర్గంలో 14.6 శాతం. అయితే రోజులు తగ్గించడం వేరే సంగతి. కృత్రిమ కీళ్ల ఇన్ఫెక్షన్‌పై ఫ్రాన్స్‌లో చేసిన ట్రయల్‌లో 12 వారాల కోర్సుకు 9.4 శాతం మందిలో జబ్బు తగ్గకపోతే, 6 వారాలకు 18.1 శాతం మందిలో తగ్గలేదు. మీకు చెప్పిన ట్రయల్‌లో కోర్సు ఎన్ని వారాలో, ముగిశాక ఎన్నాళ్లు చూస్తారో కనుక్కోండి. ఏడాది కంటే తక్కువైతే నాకు నచ్చదు.