వాగ్దానం కార్డు వచ్చింది, ఇక బయల్దేరొచ్చా అక్కా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఫారిన్ ఉద్యోగాల గురించే ఉన్నాయి, అందుకని అవే మూడు తీసుకున్నాను. పేర్లు వెయ్యట్లేదు. మొదటిదానికి జవాబు బాగా పెద్దదైపోయింది, ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా వందనాలు. మాది గుంటూరు, నాకు 24 ఏళ్ళు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి అరండల్‌పేటలో ఒక షాపులో చేస్తున్నాను, నెలకి 12 వేలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని బైబిల్ వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు తీస్తే నాకు ఆదికాండం 12:1 వచ్చింది, నీ దేశాన్ని నీ బంధువుల్ని విడిచి నేను చూపించే దేశానికి వెళ్ళు అని దేవుడు అబ్రాముతో, అంటే అబ్రాహాముతో, అన్న మాట. సరిగ్గా రెండు వారాలకి విజయవాడలో ఒక ఏజెంట్ దుబాయ్‌లో జాబ్ ఉంది, లక్షా అరవై వేలు అవుద్ది అన్నాడు. ముందు విజిట్ వీసా మీద పంపి అక్కడికెళ్ళాక వర్క్ వీసాకి మారుస్తారంట. మా పాస్టర్ గారు కూడా ప్రార్థన చేసి, ద్వారం తెరుచుకుంది బాబూ వెళ్ళు అన్నారు. అమ్మ మాత్రం కాగితాలు అడగరా అంటుంది, డబ్బుకి తన గొలుసే తాకట్టు పెట్టాలి మరి. దేవుడు చూపించాక మళ్ళీ కాగితాలు అడిగితే అది అవిశ్వాసం కాదా అక్కా? అబ్రాహాము ఏమన్నా అడిగాడా?

జవాబు: వందనాలు తమ్ముడూ. అబ్రాహాము అడగలేదు, నిజమే. ఎక్కడికి వెళ్తున్నాడో కూడా తెలీకుండా బయల్దేరాడని హెబ్రీ పత్రిక 11:8లోనే ఉంది. కానీ ఆయన్ని పిలిచింది దేవుడు, ఏజెంట్ కాదు కదా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నువ్వు ఎక్కడ తడబడ్డావంటే దేవుడి మీదున్న నమ్మకాన్ని తీసుకెళ్ళి ఆ విజయవాడ ఆయన ఖాతాలో వేసేశావు. కార్డు వచ్చింది డిసెంబర్ 31న, ఆయన వచ్చింది జనవరి మధ్యలో, ఆ రెంటికీ ముడి వేసింది మాత్రం నువ్వే. ఆయనెవరో, ఆ కంపెనీ ఏంటో కార్డు మీద లేదు.

కార్డుల్ని తక్కువ చేసి మాట్లాడట్లేదు, నేనూ ప్రతి ఏడాదీ తీస్తాను, బైబిల్లో పెట్టుకుంటాను. కాకపోతే ఆ కార్డులు యూత్ పిల్లలు ప్రింట్ కొట్టించి కత్తిరించి పళ్ళెంలో పోసినవి, అదే కార్డు నీ పక్కన కూర్చున్న మామ్మకి వచ్చుంటే ఆవిడ కూడా దుబాయ్ ఫ్లైట్ ఎక్కాలా చెప్పు.

పైగా అబ్రాము కథ మనం మొదటి వచనం చదివి ఆపేస్తాం. 12వ అధ్యాయం ఇంకొంచెం చదువు. ఆయన హారాను నుంచి బయల్దేరినప్పుడు 75 ఏళ్ళవాడు, అప్పటిదాకా సంపాదించుకున్న ఆస్తి, పనివాళ్ళు, భార్య, సోదరుడి కొడుకు లోతు అందర్నీ తీసుకుని కదిలాడు, అంటే తన సొంత సొమ్ముతో కదిలాడు, వాళ్ళమ్మ గొలుసు తాకట్టు పెట్టి కాదు. 10వ వచనానికల్లా దేవుడు చూపించిన ఆ దేశంలోనే కరువొచ్చింది, ఐగుప్తుకి పోయాడు, అక్కడ భయపడి భార్యని చెల్లెలని చెప్పాడు. పిలుపు నిజమైనదే, అయినా ఇవన్నీ వచ్చాయి. మరి పిలుపో కాదో ఇంకా తేలని నీ సంగతి ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆలోచించు.

నాకు ఈ విషయంలో అబ్రాహాము కన్నా నెహెమ్యా దగ్గర. ఆయనా యెరూషలేము గోడలు కట్టడానికి దూర ప్రయాణమే చేశాడు, బయల్దేరేముందు ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థన చేశాడు. అంతా అయ్యాక రాజు ముందు నిలబడి ఏం అడిగాడో తెలుసా, కాగితాలు! నది అవతలున్న అధికారులు నన్ను దాటనిచ్చేలా ఉత్తరాలు ఇప్పించండి, అడవిని చూసుకునే ఆసాపు నాకు కలప ఇచ్చేలా ఇంకో ఉత్తరం ఇప్పించండి అన్నాడు, రెండో అధ్యాయం 7, 8 వచనాలు. అంత ప్రార్థనాపరుడు కూడా చేతిలో కాగితం లేకుండా గుర్రం ఎక్కలేదు, దానికి ఆయన్ని ఎవరూ అవిశ్వాసి అనలేదు.

ఇంకో సంగతి, నువ్వు గుంటూరు వాడివి కాబట్టి చెప్తున్నాను. 1842లో మన ఊరొచ్చిన ఫాదర్ హయ్యర్ గురించి సండే స్కూల్లో వినే ఉంటావు, లూథరన్ మిషన్ మొదలుపెట్టినాయన. అమెరికా నుంచి ఓడలో, దాదాపు 50 ఏళ్ళ వయసులో, ఇల్లు వదిలి వచ్చాడు, విశ్వాసంతో బయల్దేరడమంటే అదే. కానీ గాల్లోకి రాలేదాయన. పంపించిన సంఘం వెనకాల ఉంది, ఇక్కడ గుంటూరు కలెక్టర్ స్టోక్స్ గారు ఆదరించి పనికి అండగా నిలిచాడు. తర్వాత అమెరికా వెళ్ళినప్పుడు ఊరికే కూర్చోకుండా బాల్టిమోర్‌లో మెడిసిన్ చదివి 1847లో డాక్టర్ పట్టా పుచ్చుకుని మళ్ళీ ఇండియా వచ్చాడు, అప్పటికి ఆయనకి 50 దాటి నాలుగేళ్ళు. వెనకాల పంపేవాళ్ళు, ఎదురుగా చేర్చుకునేవాళ్ళు, చేతిలో పని, ఆయనకి మూడూ ఉన్నాయి. నీకు పనైతే చేతిలో ఉంది, అది పెద్ద విషయమే, మిగతా రెండు నాకు నీ ఉత్తరంలో కనిపించలేదు.

ఇప్పుడు అసలు పనికొద్దాం. విజిట్ వీసా మీద యూఏఈలో పని చెయ్యడం చట్టవిరుద్ధం, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. అక్కడికెళ్ళాక మారుస్తాం అన్నవాడు మార్చకపోతే నువ్వు జీతం రాలేదని ఎక్కడికెళ్ళి అడగాలన్నా ముందు నిన్నే పట్టుకుంటారు. అక్కడి లేబర్ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చులు కంపెనీయే పెట్టుకోవాలి, వర్కర్ దగ్గర వసూలు చెయ్యకూడదు. మన దేశంలో రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. మరి లక్షా అరవై దేనికి? ఆ ప్రశ్న ఆయన్నే అడుగు. రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పమను, ఆ నంబర్ కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఈమైగ్రేట్ సైట్‌లో కొట్టి చూడు, అందులో పేరు లేకపోతే ఇక ఆయనతో మాటలనవసరం. నువ్వు టెన్త్ పాసయ్యావు కాబట్టి నీ పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అక్కర్లేదు, అది సుఖమే గానీ దాని అర్థం నీ కాంట్రాక్టు ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరు అని కూడా, నువ్వే చూసుకోవాలి. మిర్చి యార్డులో చూడు, వ్యాపారి పైనున్న కాయ చూసి టిక్కీ, అదే మిర్చి బస్తా, కొంటాడా, లోపల చెయ్యి పెట్టి తీసి చూస్తాడు, రైతు కూడా ఏమనుకోడు. నువ్వు ఆఫర్ లెటర్ అడిగితే ఏజెంట్‌కి కోపం వచ్చిందంటే ఆ కోపమే నీకు జవాబు.

తాడేపల్లిలో ఏపీఎన్ఆర్‌టీఎస్ ఆఫీసుంది, విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ, గుంటూరు నుంచి ఎంతో దూరం లేదు, వెళ్ళి అడుగు. రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంక్యాప్ అని ఇంకోటి ఉంది, ఫారిన్ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే సంస్థ. ఎలక్ట్రీషియన్లు ఎప్పుడు కావాలంటారో కనుక్కుంటూ ఉండు. లేటవుద్ది, ఏజెంట్ అంత స్పీడుగా అవ్వదు, అవ్వనీ.

పాస్టర్ గారి గురించి. ఆయన మీ మేలు కోరే అన్నారు, అందులో నాకు డౌటు లేదు. కానీ ద్వారం తెరుచుకుంది అన్నప్పుడు ఆయనకి విజిట్ వీసా అని చెప్పావా? చెప్పి ఉండవు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని అయ్యగారూ సంగతి ఇదీ అని మొత్తం చెప్పు, లక్షా అరవై సంగతీ చెప్పు, పాస్టరమ్మగారిని కూడా కూర్చోబెట్టు, ఆడవాళ్ళకి తాకట్టు మాట త్వరగా అర్థమవుద్ది. ఇక మీ అమ్మ. ఇంట్లో విశ్వాసం తక్కువైంది ఆవిడకే అన్నట్టు రాశావు. గొలుసు ఇవ్వడానికి ఒప్పుకుని, కాగితాలు చూడు అని ఒక్క మాటంది. బంగారం ఆవిడది, వడ్డీ కట్టేది ఆవిడ, నీ ఫోన్ రాని రోజున నిద్రపోనిది ఆవిడ. ఆ మాట కూడా ప్రార్థనకి వచ్చిన జవాబే అయ్యుండొచ్చని నీకెందుకు అనిపించలేదు తమ్ముడూ?

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ సింగ్ నగర్. నా వయసు 27, ఇద్దరు పిల్లలు, ఏడో తరగతి వరకే చదివాను. మా ఆయనకి పని సరిగ్గా లేదు. కువైట్‌లో ఇంటిపనికి పంపుతామని తెలిసినావిడ అంటుంది, వయసు 31 అని రాయిస్తారంట, ముందు దుబాయ్ తీసుకెళ్ళి అక్కణ్ణుంచి పంపుతారంట. గుణదల మేరీమాత దగ్గర మొక్కుకుని ఒప్పుకున్నాను. అక్కడ చర్చికి వెళ్ళనిస్తారా?

జవాబు: అమ్మా, నువ్వు అడిగింది చర్చి గురించి, నాకు భయం వేసింది వయసు గురించి. టెన్త్ పాసవ్వని ఆడవాళ్ళు కువైట్ లాంటి దేశాలకి ఇంటిపనికి వెళ్ళాలంటే 30 నిండాలని మన ప్రభుత్వం పెట్టిన రూలు, ఊరికే పెట్టలేదు, అక్కడ చిన్నవయసు పిల్లలు ఎన్ని బాధలు పడితే పెట్టారో. అందుకే ఆవిడ 31 రాయిస్తానంటుంది, అందుకే దుబాయ్ తిప్పుతానంటుంది. ఈ చుట్టుదారిలో వెళ్తే నువ్వు వెళ్ళినట్టు మన దగ్గర రికార్డే ఉండదు. సరైన దారిలో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా ఉంటది, రెండేళ్ళకి 275 రూపాయలు కడితే 10 లక్షల కవరేజి, దొంగదారిలో అదీ లేదు. దేవుడి దగ్గర మొక్కుకుని అబద్ధం వయసుతో బయల్దేరడం ఎలా కుదురుద్దమ్మా, నువ్వే చెప్పు.

చర్చి సంగతి అడిగావు కాబట్టి, కువైట్ సిటీలో చర్చిలున్నాయి, కేథలిక్ కేథడ్రల్ ఉంది, ఇవాంజెలికల్ చర్చి కాంపౌండ్ ఉంది, అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు కిటకిటలాడతాయి, మనవాళ్ళు చాలామంది ఉంటారు. కానీ ఇంటిపని చేసేవాళ్ళు అక్కడిదాకా రావడం యజమాని దయ మీదే ఆధారపడి ఉంటది. 2015లో కువైట్ చేసిన 68వ నంబర్ చట్టంలో వారానికో రోజు సెలవు ఇవ్వాలి, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు లాక్కోకూడదు అని రాసే ఉంది. నాలుగు గోడల మధ్య అది అమలవుతుందో లేదో చూసేవాళ్ళు ఎవరు? సక్రమంగా వెళ్ళినవాళ్ళకే అడగడం కష్టం, తప్పుడు వయసుతో వెళ్ళినదానివి నువ్వేం అడుగుతావు.

ఇప్పుడు వద్దమ్మా. మీ ఆయన పని గురించి మీ సంఘంలో పెద్దలతో మాట్లాడుకోండి, ఇక్కడే బెజవాడలో ఇంటిపనికి, హాస్పిటల్ ఆయా పనికి మంచి ఇళ్ళు, మంచి చోట్లు దొరుకుతాయి. జీతం కువైట్ అంత రాదు, తెలుసు. మొక్కు గురించి బెంగ పెట్టుకోకు, కొండకి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి ఆ తల్లికి ఉన్నమాట చెప్పుకో.

ప్రశ్న: సిస్టర్ గారూ, మా అబ్బాయి ఖతార్‌లో ఉన్నాడు. మంగళగిరి పక్కన మాది. మూడు నెలలుగా జీతం సరిగ్గా రావట్లేదంటున్నాడు. ఈ లోపు మా సంఘంవాళ్ళు సౌండ్ సిస్టమ్‌కి వాడి పేరు మీద 50 వేలు రాశారు, వాడు వెళ్ళేముందు అందరూ ప్రార్థన చేసి పంపారు కదా అంటున్నారు. ఇవ్వకపోతే దశమభాగం ఎగ్గొట్టినట్టా? వాడు ఈమధ్య ఆరాధనకి కూడా వెళ్ళట్లేదు, విశ్వాసం చల్లారిందేమో అని భయంగా ఉంది.

జవాబు: బాబాయ్ గారూ, రాని జీతానికి దశమభాగం ఏంటండీ! ప్రార్థన చేసి పంపినందుకు బిల్లు వేసే పద్ధతి ఎక్కడా లేదు. గల్ఫ్‌లో పిల్లలున్న ప్రతి సంఘంలోనూ ఇది చూస్తున్నాను, స్లాబ్ వెయ్యాలన్నా ఏసీలు పెట్టాలన్నా ముందు ఆ పిల్లల పేర్లే రాస్తారు, వాళ్ళు 45 డిగ్రీల ఎండలో నిలబడి సంపాదిస్తున్నారని ఎవరికీ గుర్తుండదు. మీరు మొహమాటపడకుండా లిస్టులోంచి పేరు తీయించండి.

ఆరాధన గురించి వాణ్ణి ఇప్పుడు సతాయించకండి. దోహాలో చర్చిలన్నీ ఊరవతల మెసైమీర్ దగ్గర ఒకే చోట ఉంటాయి, క్యాంపు నుంచి అక్కడికి వెళ్ళిరావడానికి చార్జీలు కావాలి, శుక్రవారం డ్యూటీ పడితే అదీ లేదు. ఫోన్ చేసినప్పుడు చర్చికి వెళ్ళావా అని కాదు, తిన్నావా, రూమ్‌లో ఎవరున్నారు, జీతం ఎన్నో నెల దాకా పడింది అని అడగండి. ఖతార్‌లో జీతాలు బ్యాంకులోనే వెయ్యాలని 2015 నుంచి పద్ధతి ఉంది, కాబట్టి ఏ నెల పడింది ఏ నెల పడలేదు అనేది వాడి బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఉంటది, అదీ, కాంట్రాక్టూ, ఖతార్ ఐడీ ఫొటోలు తీసి మీకు పంపమనండి. వాడు అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్‌లో కంప్లయింట్ పెట్టొచ్చు, మీరు ఇక్కణ్ణుంచి మన విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో పెట్టొచ్చు, అది దోహాలో మన ఎంబసీకి వెళ్తుంది. మీకు రాకపోతే పక్కింట్లో డిగ్రీ చదివే పిల్లలెవరినైనా కూర్చోబెట్టి చేయించండి. కంప్లయింట్ నంబర్ వస్తుంది, దాన్ని జాగ్రత్తగా రాసుకోండి, వాడికీ పంపండి. జీతం పడ్డాక నాకో ఉత్తరం రాయండి.